చక్రములమీది యిల్లు

(పఠన భాగములు: సంఖ్యా. 7:1–9, ఆది. 45:16–28, యిర్మీయా 35)



కొంతకాలము క్రిందట మా యౌవనస్థుల కూడికలో ఒక చిన్నవాడు తన ఫోనులో ఒక బొమ్మ చూపించెను. అది ఒక అందమైన చెక్కయిల్లు. వాకిలి, కిటికీలు, వాలు కప్పు, ముంగిట చిన్న అరుగు వంటిది, అన్నియు ఉన్నవి. పునాది మాత్రము లేదు. ఇల్లంతయు ఇనుప చట్రముమీద నిలిచియున్నది. చట్రము క్రింద చక్రములున్నవి. “అయ్యగారూ, అమెరికాలో డబ్బున్నవాళ్లు కూడా పెద్ద ఇళ్లు వదిలేసి ఇలాంటి బండి ఇళ్లలో కాపురం ఉంటున్నారట. అబ్రాహాము గుడారాల్లో ఉన్నట్టే గదండీ?” అని అడిగెను. ప్రక్కను కూర్చుండిన ఒక ముసలి సహోదరి ఆ బొమ్మను చూచి నవ్వి, “మా నాయన బాతులు మేపుకుంటూ పద్నాలుగేళ్లు బండి కిందే పడుకున్నాడు. ఆయన బొమ్మ ఎవరూ తియ్యలేదు నాయనా” అనెను.

ఆ చిన్నవాని ప్రశ్నయు, ఆ తల్లి మాటయు, రెండును నన్ను విడువలేదు. ఒకే విధమైన బ్రదుకు ఒకరికి ముచ్చటయు మరియొకరికి ముల్లును అయినది. వాక్యము ఈ యిద్దరితోను ఏమి చెప్పుచున్నదో ఈ మాసము ధ్యానింతము. ముందుగా ఆ బండియిల్లు ఎట్టిదో తెలిసికొనుట మంచిది. తెలియని సంగతిని గూర్చి ప్రసంగించుట బోధకులకున్న పాత దోషము. అందులో నేనును ఒకడనే.

అమెరికాలో 1973వ సంవత్సరమున క్రొత్తగా కట్టిన యిల్లు సగటున 1,660 చదరపు అడుగులుండెను. 2015 నాటికి అది 2,600 అడుగులు దాటెను. ఇల్లు పెరిగినది గాని అందులోని మనుష్యులు పెరుగలేదు, తగ్గిరి. ఆ యిండ్లలో అనేకము దీర్ఘకాలపు అప్పుమీద కొనినవే. 2008 ప్రాంతమున ఆ అప్పుల వ్యవహారము కూలినప్పుడు లక్షలాది కుటుంబములు ఇండ్లు పోగొట్టుకొనెను. అంతకుముందే కొందరు వేరొక త్రోవ వెదకుచుండిరి. జే షాఫర్ అను నాయన 1999లో అయోవా రాష్ట్రమున 96 చదరపు అడుగుల యిల్లు చక్రములమీద కట్టుకొని దానిలో నివసించెను. మన లెక్కలో అది ఎనిమిదికి పండ్రెండు గది యంత.

చక్రములెందుకు? ఊరూరు తిరుగుటకని మనమనుకొందుము. చాలమంది విషయములో సంగతి అది కాదు. అక్కడి అనేక పట్టణములలో ఫలానా కొలతకంటె చిన్న యిల్లు కట్టరాదని నిబంధన కలదు. చక్రములు తగిలించినయెడల అది యిల్లు కాక బండిగా లెక్కింపబడును. అయితే అప్పుడు వేరొక చిక్కు వచ్చును. బండిలో నిత్యనివాసము చేయరాదని అనేక ఊళ్లలో నియమమున్నది. గనుక ఇల్లు చేతిలోనున్నను నిలుపుకొనుటకు జాగా దొరకదు. ఎవరైన స్నేహితుని దొడ్డిలోనో పొలములోనో నిలుపుకొనవలెను. ప్రత్యేకమైన అనుమతి లేకుండ రోడ్డుమీద లాగుకొని పోవుటకు వెడల్పు ఎనిమిదిన్నర అడుగులకు మించరాదు. ఎత్తు చాల రాష్ట్రములలో పదమూడున్నర అడుగులకు మించరాదు. ఆ కొలతలో వంట, స్నానము, పడక అన్నియు ఇముడవలెను. నిచ్చెన ఎక్కి కప్పు క్రింది అటకమీద పండుకొందురు. కూర్చుండు బల్లయే మూత తీసినచో పెట్టె. మన పల్లెలో ఒంటిగది యింటిలో ఆరుగురు పిల్లలను పెంచిన తల్లులు ఈ విద్యను ఎవరియొద్దను నేర్చుకొననక్కరలేదు.

ఒక్క సంగతి మాత్రము మన రైతులకు ఇంపుగా నుండును. ఇట్టి యింటిని మోటారు బండికి తగిలించి లాగునప్పుడు దాని మొత్తము బరువులో నూటికి పది మొదలు పదునైదు వంతులు ముందు కొక్కెముమీద పడునట్లు సామాను సర్దవలెను. బరువు వెనుకకు పోయినయెడల వేగములో ఇల్లు పాము తోకవలె అటునిటు ఊగి లాగుచున్న బండిని కూడ పడద్రోయును. మన ఎడ్లబండి సంగతియు ఇంతే గదా. వెనుక మొగ్గయినచో కాడి లేచి ఎద్దుల గొంతుకు బిగియును. ముందు మొగ్గయినచో మెడలు పుండ్లగును. బండి తోలినవానికి తెలియును: ఎంత బరువు అను ప్రశ్న మొదటిది కాదు, బరువు ఎక్కడ ఉన్నది అనునదే మొదటిది. మన ధ్యానమునకు ఈ మాట తరువాత పనికివచ్చును.

ఆ దేశములో డీ విలియమ్స్ అను స్త్రీ కలదు. ఆమెకు సొంత యిల్లుండెను. తరువాత గుండె జబ్బు వచ్చినది. దినములు కొద్దివేమో యని తోచినప్పుడు, తన కాలములో ఎంత భాగము ఇంటి అప్పు తీర్చుటకును, ఇంటి మరమ్మతులకును పోవుచున్నదో ఆమె లెక్క చూచుకొనెను. తరువాత ఆ యిల్లు అమ్మివేసి, 2004లో సుమారు పదివేల డాలర్లతో 84 చదరపు అడుగుల యిల్లు చక్రములమీద తన చేతులతోనే కట్టుకొనెను. దానిని ఒలింపియా పట్టణమున స్నేహితుల దొడ్డిలో నిలిపి, అచ్చటనే నివసించుచున్న ఒక వృద్ధురాలికి తోడుగా నుండెను. తన కథను 2014లో పుస్తకముగా వ్రాసెను. ఆమె విశ్వాసమెట్టిదో నేను చెప్పజాలను. ఆమె లెక్క చూచుకొనిన విధము మాత్రము మనకు పాఠమే.

ఇక లేఖనములకు వత్తము.

దేవుని యిల్లే మొదట చక్రములమీద ప్రయాణము చేసినదని మనలో ఎందరు గమనించితిమి? అరణ్యములోని మందిరము ముప్పది మూరల పొడవు, పది మూరల వెడల్పు అని సాధారణముగా లెక్కింతురు. మూర అడుగున్నర యనుకొన్నచో 675 చదరపు అడుగులు. భూమ్యాకాశములు పట్టజాలని వాడు అంత చోటు చాలుననెను. ఆవరణములోని గుడ్డతెరలు, స్తంభములు వేరు. సంఖ్యాకాండము ఏడవ అధ్యాయములో ఇశ్రాయేలు ప్రధానులు ఆరు గూడుబండ్లను పండ్రెండు ఎద్దులను తెచ్చి యిచ్చిరి. ఇద్దరేసి ప్రధానులకు ఒక బండి, ఒక్కొక్కనికి ఒక ఎద్దు. మోషే వాటిని పంచిన తీరు చూడుడి. తెరలును పైకప్పులును మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు. పలకలును స్తంభములును దిమ్మలును మోయు మెరారీయులకు నాలుగు బండ్లు. ఆ వెండి దిమ్మలే నూరు, దిమ్మకు ఒక తలాంతు (నిర్గమ. 38:27). తలాంతు సుమారు 34 కిలోలని పండితుల లెక్క. దిమ్మలు మాత్రమే మూడు టన్నులకు పైబడినవి! నాలుగు బండ్లు చాలినవా అని నాకెప్పుడును సందేహమే. అయినను బరువు ఎక్కువైన వారికి బండ్లు ఎక్కువ వచ్చినవి.

అయితే కహాతీయులకు ఒక్క బండియు లేదు. మోషే మరచిపోయెనా? లేదు. మందసము, బల్ల, దీపవృక్షము, బలిపీఠములు వారి వంతు. వాటిని భుజములమీద మోయవలెను గనుక వారికి బండి ఇయ్యలేదని తొమ్మిదవ వచనము స్పష్టముగా చెప్పుచున్నది. ఎక్కువ బరువు గలవాడు కొన్నిసార్లు బండి పొందును. ఎక్కువ విలువ గల దానిని మోయువాడు బండి పొందడు.

తరువాత కొన్ని వందల సంవత్సరములకు ఇశ్రాయేలీయులు ఈ భేదమును మరచిరి. దావీదు మందసమును క్రొత్త బండిమీద ఎక్కించెను. బండి క్రొత్తది, పాటలు గొప్పవి, సమూహము పెద్దది. కళ్లమునొద్ద ఎద్దులకు కాలు జారినది; ఉజ్జా చెయ్యి చాపెను; చనిపోయెను (2 సమూ. 6). ఆ క్రొత్తబండి పద్ధతి ఎక్కడిదనగా, అది ఫిలిష్తీయులది; మందసమును తిరిగి పంపునప్పుడు వారు అట్లు చేసిరి (1 సమూ. 6:7). దావీదు రెండవమారు లేవీయులను పిలిచి, మొదట మనము విధిప్రకారము చేయలేదని ఒప్పుకొని, దండెలతో భుజములమీద మోయించెను (1 దిన. 15:13–15).

ఆ చిన్నవాని ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడ దొరికినది. చిన్న యిల్లు పరిశుద్ధము కాదు, పెద్ద యిల్లు పాపమును కాదు. బండిమీద వేయదగిన బరువు ఏది, భుజముమీదనే మోయవలసిన బరువు ఏది అని తెలిసికొని, మొదటి దానిని తగ్గించుకొని రెండవ దానికి భుజమును ఖాళీగా ఉంచుకొనుటయే సంగతి. పాత్రలు, బీరువాలు, పలకలు, దిమ్మలు బండి సామాను. వృద్ధులైన తలిదండ్రులు, రోగియైన పొరుగువాడు, సంఘసహవాసము, బిడ్డలకు వాక్యము నేర్పుట, ఇవి కహాతీయుల బరువు. వీటికి బండి దొరకదు. డబ్బు పంపి తీర్చుకొందమని కొందరు క్రొత్తబండి తెచ్చుచున్నారు.

ఈ కొలబద్దతో చూచినప్పుడు అమెరికావారి బండియిల్లును కూడ ఊరకనే పొగడరాదు. అప్పు దింపుకొని, ఖాళీయైన దినములను ఒక ముసలితల్లి కొరకు వాడినయెడల ఆ చిన్నయిల్లు ధన్యమైనది. తండ్రికి పడక వేయుటకు చోటు లేని యిల్లు కావలెనని, ఎవరును వచ్చి ఉండకుండ కొలత తగ్గించుకొనినయెడల అది చిన్న యిల్లు కాదు, చిన్న హృదయము. ఫరో యోసేపు అన్నలకు బండ్లిచ్చి పంపునప్పుడు ఏమని ఆజ్ఞాపించెనో చదువుడి. పిల్లలను, స్త్రీలను, తండ్రిని ఎక్కించుకొని రమ్మనెను. సామానును గూర్చి చింత వద్దనెను. అన్యరాజునకు కూడ బండి ఎందుకో తెలిసెను. కుమారుల మాటలకు నమ్మిక కలుగని యాకోబు, తన్ను తీసికొనిపోవుటకు వచ్చిన ఆ బండ్లను చూచినప్పుడే ప్రాణము తెప్పరిల్లెను. సామాను తగ్గించుకొనితిమనుకొని దానిని పారవేయలేక, దాచుకొనుటకు వేరుగా అద్దెగదులు తీసికొనువారును ఆ దేశమున కలరు. లూకా పండ్రెండవ అధ్యాయములోని ధనవంతుడు కొట్లు విప్పి పెద్దవి కట్టుటకు ఆలోచించెను. వీరు కొట్టును అద్దెకు తీసికొనిరి, భేదమంతే.

షూనేములోని ఘనురాలును చిన్నగది కట్టించెను (2 రాజులు 4:10). మంచము, బల్ల, పీట, దీపము, ఈ నాలుగే అందులో సామాను. అది తనకు కాదు, దారిని పోవు దైవజనునికి. అబ్రాహాము గుడారమెంతదో లేఖనము చెప్పలేదు గాని, మధ్యాహ్నపు ఎండలో ముగ్గురు పరదేశులకు అందులో రొట్టెలు కాలినవి, దూడ వండబడినది.

పునాదిలేని కాపురము గూర్చి యిర్మీయా ముప్పదియైదవ అధ్యాయమును విడువరాదు. రేకాబీయులు తమ పితరుడైన యెహోనాదాబు మాటచొప్పున ఇండ్లు కట్టక, విత్తనములు విత్తక, ద్రాక్షారసము త్రాగక, తరతరములు గుడారములలో నివసించిరి. మన దేశములోనే ఇట్టి జనులు కలరు. రాజస్థానములో గాడియా లోహారులు అను కమ్మరులు ఎడ్లబండియే యిల్లుగా ఊరూరు తిరుగుచు పనిముట్లు చేసి అమ్మువారు. 1568లో చిత్తూరుగఢము అక్బరు వశమైనప్పుడు తమ పితరులు ప్రమాణము చేసిరని వారి పెద్దలు చెప్పుదురు: కోటలోనికి తిరిగి పోము, ఇల్లు కట్టము, మంచముమీద పండుకొనము, దీపము వెలిగింపము, బావికి త్రాడు ఉంచుకొనము అని. 1955 ఏప్రిలులో ప్రధానమంత్రి నెహ్రూగారు వారిని వెంటబెట్టుకొని కోటలోనికి ప్రవేశింపజేసెను. ఆ తరువాతను వారిలో అనేకులు బండ్లమీదనే యుండిరి. దాదాపు నాలుగువందల సంవత్సరములు బండి క్రిందనే కాన్పులు, బండి క్రిందనే మరణములు! పితరులమాటకు అట్టి విధేయత చూచినప్పుడు, పరలోకపు తండ్రి మాటకు మన విధేయత ఎన్నాళ్లు నిలుచునో తలంచి నేను సిగ్గుపడుదును.

దేవుడు రేకాబీయులను మెచ్చుకొనెను గాని, యెరూషలేములోనివారిని మీరును ఇండ్లు విడిచి గుడారములు వేసికొనుడని చెప్పలేదు. వారి గుడారమును కాదు, వారి విధేయతను చూపెను. అదే యిర్మీయా బబులోను చెరలోనున్నవారికి పత్రిక వ్రాసినప్పుడు, ఇండ్లు కట్టుకొని కాపురముండుడి, తోటలు నాటుడి అని వ్రాసెను (29:5). ఒక్క ప్రవక్తయే గుడారమును మెచ్చెను, ఇల్లు కట్టుమనెను.

ఇక ఆ ముసలి సహోదరి మాటకు వత్తము. కోరి చిన్నయింటికి వచ్చినవాడు వేరు, గతిలేక వచ్చినవాడు వేరు. అమెరికాలోను అద్దె కట్టలేక మోటారు బండ్లలో పండుకొనుచు, వయస్సు మళ్లినను గోదాములలో పని వెదకికొనుచు తిరుగువారు అనేకులున్నారు. వారి బొమ్మలు ఆ చిన్నవాని ఫోనులోనికి రాలేదు. టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరములో అలన్ గ్రాహాము అను క్రైస్తవుడును అతని సంఘములోని స్నేహితులును 1998లో ఒక వ్యానులో భోజనము పెట్టుకొని వీధులలో నిద్రించువారికి పంచుట మొదలుపెట్టిరి. పంచగా పంచగా వారికి తెలిసినదేమనగా, అన్నము ఒక పూటకు చాలును, పొరుగువాడు లేని కొరత తీరదు. గనుక నగరపు వెలుపల భూమిలో ఒక పల్లెనే కట్టనారంభించిరి. చక్రముల యిండ్లు కొన్ని, చిన్న చెక్కయిండ్లు కొన్ని. ఎదురెదురుగా అరుగులు, అందరికి వంటశాలలు, తోటలు. అనేక సంవత్సరములు వీధిలో గడపినవారు అక్కడ అద్దె కట్టి కాపురముండుచున్నారు. కొందరు విశ్వాసులు తమ యిండ్లు విడిచి వారి మధ్యనే నివసింపవచ్చిరి. కహాతీయుల బరువు అనగా ఇదియే.

మన సంగతి చెప్పక విడుచుట న్యాయము కాదు. మా సంఘములో ఒక కుటుంబము నాలుగేండ్ల క్రిందట స్లాబు యిల్లు తలపెట్టెను. ఉన్న పెంకుటిల్లు కురియుచుండెను గనుక ఇల్లు కావలసినదే. అయితే ప్రక్కవారు రెండు గదులు వేసిరని వీరు మూడు వేసిరి, పైన పిట్టగోడ, ముందర పాలరాయి. ప్రభుత్వమిచ్చిన సొమ్ము చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిరి. గృహప్రతిష్ఠకు నేనే పోయి ప్రార్థన చేసి, విందు భుజించి వచ్చితిని. అప్పు ఎంత అని ఒక్క మాట అడుగలేదు. ఏడాది తిరుగకముందే వడ్డీ కట్టుటకు ఆలుమగలిద్దరును పిల్లవానితో హైదరాబాదులో మేడలు కట్టు పనికి పోయిరి. ఇంటికి తాళము. తల్లి ముసలిది, మోకాళ్ల నొప్పులు, తాళముచెవి ఆమె కొంగున ఉన్నను ఒంటరిగా గదులలో భయమని వరండాలోనే పండుకొనుచున్నది.

మొన్న నగరమునకు పోయినప్పుడు వారిని వెదకికొని పోయితిని. పదంతస్తుల కట్టడము ప్రక్క రేకుల గుడిసె, పదికి పది యుండదు. పని ముగిసినచో రేకులు విప్పి లారీమీద వేసికొని మరియొక చోటికి పోవుదురు. చక్రములు లేవు గాని అదియు చక్రములమీది యిల్లే. నన్ను బియ్యపు డబ్బామీద కూర్చుండబెట్టి టీ యిచ్చిరి. పిల్లవాడు బడి మానినాడని తండ్రి తల వంచుకొని చెప్పెను. ఆమె మాత్రము, “అయ్యగారూ, తలుపులకు చెద పట్టలేదు గదండీ?” అని అడిగెను. తరువాత ఒక క్షణమాగి, “అత్తమ్మ తింటున్నదా?” అనెను.

వారిని గద్దించుటకు నాకు నోరు రాలేదు. పెద్దలతో మాటలాడి, ఆ మూడు గదులలో రెండింటిని ఊరి బడి ఉపాధ్యాయునికి అద్దెకిచ్చి, ఆ అద్దెను అప్పులో జమ కట్టుదమని వారికి వ్రాసితిమి, వారు ఒప్పుకొనిరి. ఆ తల్లికి సోమవారము, బుధవారము, శనివారము భోజనము పంపుటకు మూడు యిండ్లవారు ముందుకు వచ్చిరి. వారిలో ఒకరు ఆ బాతులవారి కుమార్తె, ఒంటిగది యిల్లు. ఆదివారము నా యింటినుండి పోవును. మిగిలిన మూడు దినములకు ఇంకను ఎవరును పేరు చెప్పలేదు. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పెద్దలు ఈ సంగతి మరల అడుగుదురు.